మసాలా దినుసులు అడిగితే పొడులు అంటగట్టారు, జాగ్రత్త!

పది నిమిషాల్లో తెచ్చిస్తామనే ఆ యాప్ సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. బిర్యానీకని లవంగాలు, యాలకులు, దాల్చిన చెక్క, షాజీరా పెడితే సంచిలో నాలుగు పొడి ప్యాకెట్లు. స్టాక్ లేదట, బదులు పంపారట. ఫోన్ చేస్తే అవతలి కుర్రాడి మాట వినండి: "పొడైనా గింజైనా ఒకటే కదా మేడం, మీకు దంచుకునే పని తప్పిందిగా!" పైగా కిసుక్కున నవ్వు. తినే వస్తువులు వాపసు తీసుకోరట.

దంచుకునే పని తప్పిందట! ఎసట్లో వేసే లవంగాన్ని ఎవరు దంచుతారు నాయనా? కిలో బియ్యానికి 4 లీటర్ల ఎసరు, 8 లవంగాలు, 8 యాలకులు, రెండంగుళాల చెక్క ముక్కలు రెండు, చెంచా షాజీరా. వాసన మెల్లగా నీళ్లలోకి దిగుతుంది, బియ్యం ముప్పాతిక ఉడకగానే వార్చేస్తాం, దినుసులు పైకి కనిపిస్తూనే ఉంటాయి, ఏరేయొచ్చు. అదే పొడి వేస్తే సగం గంజితో పాటు సింకులోకి పోతుంది. మిగతా సగం మెతుకులకి అంటుకుని అన్నమంతా బురద రంగు. చెక్క పొడైతే నీళ్లు పీల్చి జిగురు కూడా వస్తుంది. పోపులో ఇంకా ఘోరం: కాగిన నూనెలో జీలకర్ర చిటపటలాడి నిలబడుతుంది, జీలకర్ర పొడి కన్ను మూసి తెరిచేలోగా నల్లబడి చేదెక్కుతుంది.

ఇదంతా తెలిసీ "పోనీలే" అని ఎసట్లో ఆ పొడే వేసిన మహాజ్ఞాని ఎవరంటారా? నేనే. "లేకపోతే బదులు పంపండి" అన్న గడిలో టిక్కు ముందే పెట్టి ఉంటే తీయనిదీ నేనే.

ఆ టిక్కు తీసేయండి. సంచి డెలివరీ అబ్బాయి ముందే విప్పండి. పొడే గతి అయితే ఎసట్లో, నూనెలో వద్దు. లవంగాల పొడి పావు చెంచా (ఎక్కువైతే నాలుక మొద్దుబారుతుంది), యాలకుల పొడి అర చెంచా, చెక్క పొడి అర చెంచా పెరుగులో కలిపి ముక్కలకు పట్టించండి. కూరల్లోనైతే దించే ముందు, సన్నని మంట మీద.

లవంగాలు కొన్నప్పుడు ఓ నాలుగింటిని నీళ్ల గ్లాసులో వేసి చూడండి, మంచివి మునుగుతాయి, నూనె తీసేసిన పిప్పి తేలుతుంది. నాకొచ్చిన ప్యాకెట్‌లో ఉన్నది ఆ పిప్పి పొడే అయినా పట్టుకునే దారి లేదు. వాసన మాత్రం కత్తిరించి ముక్కు దగ్గర పెట్టినా రాలేదు.