ఆమ్‌స్టర్‌డామ్ వెనకిల్లు: ముందు టికెట్, తర్వాతే హోటల్

రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలకు దొరక్కుండా దాక్కుని డైరీ రాసిన యూదుల అమ్మాయి ఆన్ ఫ్రాంక్. ఆవిడ దాక్కున్న ఇల్లు ఇప్పుడు మ్యూజియం. దానికి టికెట్ అమ్మేది ఒకే ఒక్క చోట, ఆ మ్యూజియం సొంత వెబ్‌సైట్‌లో. గుమ్మం దగ్గర కౌంటర్ ఉండదు. ఈ సంగతి తెలియక మనవాళ్ళు చాలామంది ఆవిడ పేరు పెట్టి అమ్మే 'టూర్' కొనేస్తారు. తీరా వెళ్ళాక అది వీధుల వెంట నడిపించే టూరని తేలుతుంది. ఇంటి బయట నిలబెట్టి నాలుగు ముక్కలు చెప్పి పంపేస్తారు. 'లోపలికి ప్రవేశం లేదు' అని చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది కాబట్టి దెబ్బలాడటానికీ లేదు. పిల్లలు మొహాలు వేలాడేస్తారు, ఆ రోజు కాస్తా పోతుంది.

టికెట్లు ప్రతి మంగళవారం అక్కడి టైమ్ ప్రకారం పొద్దున 10 గంటలకు వదులుతారు. మనకు వేసవిలో మధ్యాహ్నం 1:30, చలికాలంలో 2:30. ఆరు వారాల తర్వాతి తేదీలకు అప్పుడే కొనుక్కోవాలి. 2024లో పెద్దలకు 16 యూరోలు, 10 నుంచి 17 ఏళ్ళ వాళ్ళకు 7, అంతకన్నా చిన్నపిల్లలకు 1. టికెట్ చేతికొచ్చాకే రూము వెతకండి. 2024 నుంచి రూము అద్దె మీద టూరిస్ట్ పన్ను 12.5 శాతం, అంటే 120 యూరోల అద్దెకు 15. ఇది కొన్నిచోట్ల చూపించిన ధరలో కలిసి ఉండదు. కాలవ గట్టు మీది పాత ఇళ్ళలో నడిపే హోటళ్ళలో లిఫ్టు ఉందో లేదో అడగకుండా డబ్బు కట్టొద్దు.

సెంట్రల్ స్టేషన్ నుంచి 13 లేదా 17 నంబరు ట్రామ్ ఎక్కి వెస్టర్‌మార్క్ట్‌లో దిగాలి. ఇరవై నిమిషాల నడకే కాబట్టి నడిచినా పోయేదేమీ లేదు. ప్రిన్సెన్‌గ్రాఖ్ట్ కాలవ గట్టున 263 నంబరున్న పాత తలుపు దగ్గర నిలబడి ఎదురుచూడకండి, లోపలికి దారి మూల మీది కొత్త భవనం లోంచి.

ఇక ఇల్లు. 1635లో కట్టింది. కాలవ గట్టున స్థలం ఖరీదు, అందుకే అక్కడి ఇళ్ళు వీధివైపు ఇరుకు, లోపలికి పొడవు. అంత పొడవుకు వెలుతురు అందదని మధ్యలో ఖాళీ వదిలి వెనకాల ఇంకో ఇల్లు లేపి, రెండింటినీ నడవతో కలిపారు. డచ్చివాళ్ళ మాట 'ఆఖ్టర్‌హౌస్' అంటే అచ్చంగా వెనకిల్లే. వీధిలోంచి ఎంత మెడ సాచినా అది కనపడదు. ఆన్ కుటుంబంతో కలిపి ఎనిమిది మంది రెండేళ్ళకు పైగా దాక్కోగలగడానికి సగం కారణం ఈ కట్టుబడే.

ఈ ఇంట్లో ఒకప్పుడు గుర్రాలను కట్టేశారు, తర్వాత తమంతట తామే మోగే పియానోలకు వేసే చిల్లుల కాగితపు చుట్టలు తయారుచేశారు. 1940 డిసెంబరులో ఆన్ తండ్రి ఒట్టో ఫ్రాంక్ వ్యాపారం ఇక్కడికి మారింది. జామ్ గట్టిపడటానికి వాడే పెక్టిన్, ఇంకా మసాలాలు. కింద గోదాములో లవంగాలూ దాల్చినచెక్కా పొడి కొట్టేవారు. గోదాము పనివాళ్ళకు పైవాళ్ళ సంగతి తెలియకూడదు కనక పగలు కుళాయి తిప్పడానికి లేదు, మరుగుదొడ్లో నీళ్ళు వదలడానికీ లేదు. రెండో అంతస్తులో వెనకింటి తలుపుకు అడ్డంగా కదిలే పుస్తకాల బీరువా 1942 ఆగస్టులో పెట్టిందే. ఇప్పుడూ దాని పక్కనుంచి దూరి వెళ్ళాలి.

గదులు ఖాళీగా ఉన్నాయని కొందరు నొచ్చుకుంటారు. 1944 ఆగస్టు 4న దాక్కున్నవాళ్ళను నాజీ పోలీసులు పట్టుకెళ్ళాక సామానంతా తరలించేశారు. ఎనిమిది మందిలో ఒట్టో ఒక్కడే బతికి వచ్చాడు, అలా ఖాళీగానే ఉంచమన్నది ఆయనే. మంచమూ కుర్చీ వేసి బొమ్మల కొలువు పెట్టకపోవడమే మంచిదయింది. ఆన్ అంటించుకున్న సినిమా తారల బొమ్మలు గోడ మీదే ఉన్నాయి. పిల్లల ఎత్తు కొలిచిన పెన్సిలు గీతలూ చూడండి. దాక్కున్న రోజుల్లోనే ఆన్ 13 సెంటీమీటర్లు పెరిగింది.

1950ల్లో ఈ ఇళ్ళ వరస కూల్చేసి కొత్తది కడదామనుకున్నారు. ఊరివాళ్ళు అడ్డుపడ్డారు, 1960 మే 3న మ్యూజియంగా తెరిచారు.

ఫొటోలు తీయనివ్వరు, పెద్ద బ్యాగులు రానివ్వరు. ఆడియో గైడ్ టికెట్‌లోనే వస్తుంది, తెలుగు మాత్రం లేదు. వెనకింటి మెట్లు మన అటక నిచ్చెనలకు అక్కచెల్లెళ్ళు. చీర కుచ్చిళ్ళు చేత్తో ఎత్తి పట్టుకోవాలి, చంటిబిడ్డను ఎత్తుకున్నవాళ్ళు మరీ జాగ్రత్త. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు ఆ 16 యూరోలు దండగ. పక్కనే వెస్టర్‌మార్క్ట్‌లో ఆన్ చిన్న విగ్రహం ఉంది, అక్కడ ఉండమనండి. మీరు తిరిగి రావడానికి గంట పైనే పడుతుంది కాబట్టి గొడుగు వాళ్ళ చేతికిచ్చి వెళ్ళండి, అక్కడ వాన చెప్పి రాదు.