ఆటిజం పిల్లల కరాటే క్లాసు: ఏం బాగుంది, ఏం మారాలి

ఆటిజం, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరకపోవడం, అతి చురుకుదనం) ఉన్న పిల్లల కోసం నడిపే ఈ షోటోకాన్ (కరాటేలో ఒక శైలి) క్లాసులో మాకు బాగా నచ్చింది గోడమీది బొమ్మల పట్టిక. వార్మప్, పంచ్, కిక్, కటా (ఒక వరుసలో చేసే కదలికలు), నీళ్లు... ఒక్కోటి అవ్వగానే పిల్లలే ఆ కార్డు పీకి డబ్బాలో వేస్తారు. తర్వాతేంటో ముందే తెలుస్తుంది కాబట్టి కంగారు తగ్గుతుంది. హేయాన్ షోడాన్ అనే కటాలోని 21 కదలికల్నీ ఒకేసారి రుద్దరు. మూడేసి చొప్పున, నేలమీద అతికించిన పాదాల స్టిక్కర్లపై నిలబెట్టి నేర్పుతారు. చెయ్యి సరిచేయాలన్నా అడిగాకే పట్టుకుంటారు. చాలాచోట్ల ఇదే కరువు.

లోపమల్లా శబ్దమే. అందరూ ఒక్కసారిగా ‘కియాయ్’ అని అరిస్తే రేకుల షెడ్డు మోగిపోతుంది, కొందరు చెవులు మూసుకుని కూర్చుండిపోతారు. ఇయర్‌మఫ్స్ వెంట తీసుకెళ్లండి. కొత్త కరాటే డ్రెస్సు గరుకుగా ఉంటుంది. రెండు మూడుసార్లు ఉతికి, మెడ దగ్గరి లేబుల్ కత్తిరించాకే తొడగండి. ఒక్క మాస్టారికి ఆరుగురు ఎక్కువే, ముగ్గురైతే మేలు.