పార్ట్‌టైమ్ సైకోథెరపీ డాక్టరేట్: 450 గంటల లెక్క

బ్రిటన్‌లో పార్ట్‌టైమ్‌గా చేసే కౌన్సెలింగ్ సైకాలజీ ప్రొఫెషనల్ డాక్టరేట్‌కు, ప్రవేశం నుంచి వైవా (థీసిస్ మీద మౌఖిక పరీక్ష) దాకా చూశాక, నేనిచ్చేది ఐదుకు మూడున్నర. చదువు గట్టిది, పట్టాకు విలువుంది. కోసిన ఒకటిన్నర మార్కూ ఆ ‘పార్ట్‌టైమ్’ అన్న మాటకే. సగమయ్యేవి తరగతులు మాత్రమే. క్లయింట్ గంటలు, సొంత థెరపీ (మనమే క్లయింట్‌గా వెళ్ళేది), సూపర్‌విజన్ (మన కేసులను అనుభవజ్ఞుడైన థెరపిస్టుతో చర్చించడం), థీసిస్ అన్నీ పూర్తి మోతాదే. కాకపోతే నాలుగైదేళ్ళకు పరిచి వడ్డిస్తారు. బ్రోషర్‌లో వారానికి ఒక రోజు అని ఉంటుంది. అది క్లాసు రోజు. ప్లేస్‌మెంట్‌కు, అంటే ఏదో ఒక సంస్థలో క్లయింట్లను చూసే శిక్షణకు, ఇంకో రోజు, థెరపీకీ సూపర్‌విజన్‌కీ రెండు సాయంత్రాలు, చదవడానికీ రాయడానికీ శనివారం పోతాయి. ఐదు రోజుల ఉద్యోగం పెట్టుకుని దీన్ని లాగలేరు. మూడు రోజులు, మహా అయితే మూడున్నర.

దీన్ని పీహెచ్‌డీతో కలపొద్దు. సైకోథెరపీ మీద పీహెచ్‌డీ చేస్తే పరిశోధకులవుతారు గానీ క్లయింట్లను చూసే అర్హత దానితో రాదు. ఈ ప్రొఫెషనల్ డాక్టరేట్‌కు హెచ్‌సీపీసీ (ఆరోగ్య వృత్తులను నియంత్రించే బ్రిటన్ సంస్థ) ఆమోదం ఉంటే, ముగిశాక ఆ రిజిస్టర్‌లో చేరి ‘కౌన్సెలింగ్ సైకాలజిస్ట్’ అని పేరు పెట్టుకోవచ్చు. ఆ పేరుకు చట్టరక్షణ ఉంది. ‘సైకోథెరపిస్ట్’ అన్న పేరుకు బ్రిటన్‌లో అది లేదు. యూకేసీపీ, బీఏసీపీ అనే థెరపిస్టుల సంఘాల రిజిస్టర్లలో చేరడం స్వచ్ఛందం. అందుకే ‘డాక్టరేట్ ఇన్ సైకోథెరపీ’ అని ప్రకటన కనిపిస్తే, అది ఏ రిజిస్టర్‌కు దారి తీస్తుందో ముందు చూడాలి. వాటిలో కొన్ని అప్పటికే అర్హత ఉన్న థెరపిస్టులకు పరిశోధన నేర్పేవి. తిరిగి ఇండియా వచ్చే ఆలోచన ఉన్నవాళ్ళు ఇంకోటి గుర్తుంచుకోవాలి. క్లినికల్ సైకాలజిస్ట్‌గా పనిచేయడం ఇండియాలో ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) నమోదుతో ముడిపడిన విషయం. హెచ్‌సీపీసీ నంబరు చూపించగానే ఆ తలుపు తెరుచుకోదు.

ప్రవేశానికి బీపీఎస్ (బ్రిటిష్ సైకలాజికల్ సొసైటీ) ఇచ్చే జీబీసీ, అంటే సైకాలజీ డిగ్రీ సరిపోతుందన్న గుర్తింపు, కావాలి. మన యూనివర్సిటీల్లో ఎమ్మే సైకాలజీ చేసినవాళ్ళు మార్కుల పత్రాలు, సిలబస్ పంపి మదింపు చేయించుకోవాలి. సిలబస్‌లో కొరత తేలితే కన్వర్షన్ కోర్సు తప్పదు. పాత సిలబస్ కాపీ కోసం కాలేజీ ఆఫీసు చుట్టూ తిరగడానికే నెలలు పడుతుంది కాబట్టి, దరఖాస్తు గడువు చూసుకుని కాదు, ఏడాది ముందే మొదలుపెట్టాలి.

ఇక అసలు సంగతి, గంటలు. బీపీఎస్ గుర్తింపున్న కోర్సుల్లో సూపర్‌విజన్ కింద కనీసం 450 గంటల క్లయింట్ పని చూపాలి. ప్లేస్‌మెంట్ రోజున నలుగురు క్లయింట్లు, ఏడాదికి 40 వారాలు అనుకుంటే కాగితం మీద 160 గంటలు. నలుగురిలో ఒకరు రాకపోతే 120. రాని మనిషి కోసం గదిలో కూర్చున్న గంట చాలాచోట్ల లెక్కలోకి రాదు. అంటే 450 నిండడానికి మూడేళ్ళ తొమ్మిది నెలలు. అదే రోజుకు ముగ్గురినే ఇస్తే సరిగ్గా ఐదేళ్ళు. ఇది క్లయింట్లు మొదలైన రోజు నుంచి వేసిన లెక్క. అంతకు ముందు ప్రాక్టీసుకు సిద్ధమేనా అని కోర్సు వాళ్ళు అంచనా వేస్తారు. ఆ తర్వాత ప్లేస్‌మెంట్ వెతుక్కోవాలి, ఎన్‌హాన్స్‌డ్ డీబీఎస్ చెక్ (నేర రికార్డుల తనిఖీ), ఇన్‌డక్షన్ అవ్వాలి. డీబీఎస్ చూసేది బ్రిటన్ రికార్డులనే. అందుకని ఇండియాలో ఉన్న కాలానికి పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ కూడా అడుగుతారు. అది చేతిలో పెట్టుకుని వెతికితే రెండు నెలలు కలిసొస్తాయి. ప్లేస్‌మెంట్లు చాలావరకు జీతం లేనివేనని వేరే చెప్పక్కర్లేదు.

తొందరపడి రోజుకు ఆరుగురిని ఒప్పుకున్నవాళ్ళు నోట్స్ దగ్గర మునుగుతారు. సూపర్‌విజన్ కూడా పెరుగుతుంది: ఆరు గంటల పనికి ఒక గంట చొప్పున చూసినా 450కి 75 గంటలు. ప్లేస్‌మెంట్ వాళ్ళు ఇవ్వకపోతే అది మన జేబులోంచే. ఇంకో ఇరుకు ఏమిటంటే, ఆరేసి సెషన్లు మాత్రమే నడిపే సంస్థలో గంటలు త్వరగా నిండుతాయి గానీ, దీర్ఘకాల కేస్ స్టడీ రాయాల్సొచ్చేసరికి రాయడానికి క్లయింటే ఉండరు. రెండో ఏడాదికల్లా ఏడాదిపాటు కొనసాగగల క్లయింట్ ఒక్కరైనా ఉన్న చోటు చూసుకోవాలి.

తెలుగు తెలిసినవాళ్ళకు ఈ కోర్సులో అన్నిటికంటే కష్టమైనది, బాగున్నది కూడా, ప్రాసెస్ రిపోర్ట్. సెషన్‌ను అనుమతితో రికార్డు చేసి, పది పదిహేను నిమిషాల భాగాన్ని మాట మాటా రాసి, పక్కన వ్యాఖ్య రాయాలి. క్లయింట్ తెలుగులో మాట్లాడితే అది ఇంగ్లీషులోకి వెళ్ళాలి. అక్కడే చిక్కు. మొదట్లో ‘మేడమ్, మీరు’ అన్న మనిషి పదో వారంలో ‘నీకు తెలీదక్కా’ అంటే, థెరపీలో జరిగిన పెద్ద కదలిక అది. ఇంగ్లీషులో రెండూ ‘యూ’ అయిపోతాయి, ట్యూటర్‌కు ఏమీ కనిపించదు. ‘కడుపు తరుక్కుపోతోంది’ అంటే జాలి, ‘కడుపు మండిపోతోంది’ అంటే కోపమో ఉక్రోషమో. రెండిటినీ పొట్టలో బాధ అని రాస్తే రిపోర్టు అక్కడే పోయింది. ‘నరాల వీక్‌నెస్’ అన్నది రోగనిర్ధారణ కాదు, సిగ్గును కప్పుకునే దుప్పటి కావచ్చు. పనికొచ్చే పద్ధతి నాలుగు గడుల పట్టిక: తెలుగు మాట తెలుగు లిపిలో, దాని ముక్కస్య ముక్క ఇంగ్లీషు, దాని భావం, చివర వ్యాఖ్య. తెలుగు గడిలోని పదాలు పద పరిమితిలోకి వస్తాయా రావా అన్నది ముందే మెయిల్లో రాయించుకోండి. నోటిమాట మార్కుల రోజున ఎవరికీ గుర్తుండదు. అత్తమామలతో ఒకే ఇంట్లో ఉండటాన్ని జబ్బు లక్షణంలా చదివే సూపర్‌వైజర్లూ తగులుతారు. వాళ్ళతో వాదన కంటే, క్లయింట్ ఆ ఇంటి గురించి అన్న మాటనే ముందు పెట్టడం మేలు.

చాలా కోర్సుల్లో సొంత థెరపీ కనీసం 40 గంటలు. గంటకు 60 పౌండ్లు అనుకుంటే 2,400. కోర్సు పొడవునా ప్రతి వారం వెళ్ళాలనే సంస్థలూ ఉన్నాయి. నాలుగేళ్ళకు, ఏడాదికి 40 వారాల చొప్పున, 9,600. ఫీజుల పట్టికలో ఈ అంకె కనిపించదు. పార్ట్‌టైమ్ విద్యార్థులకు కౌన్సిల్ టాక్స్ (స్థానిక ఇంటి పన్ను) మినహాయింపు లేదన్నదీ కనిపించదు. ఇంగ్లండ్‌లో డాక్టోరల్ లోన్ పార్ట్‌టైమ్ వాళ్ళకూ వస్తుంది, మొత్తం కోర్సుకు దాదాపు 30 వేల పౌండ్లు. కానీ అది నివాస హక్కులున్నవాళ్ళకే, కోర్సు ఎనిమిదేళ్ళు దాటకూడదు. స్టూడెంట్ వీసా మీద వచ్చి ఇది చేద్దామనుకుంటే దారి మూసేసినట్టే: ఆ వీసాలో పార్ట్‌టైమ్ చదువుకు ఉద్యోగమూ ప్లేస్‌మెంటూ రెండూ నిషేధం. స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నవాళ్ళు ఉద్యోగం కొనసాగిస్తూ చదువుకోవచ్చు.

థీసిస్ విషయంలో ఒక్క సలహా: ఎన్‌హెచ్‌ఎస్ (బ్రిటన్ ప్రభుత్వ వైద్యసేవ) రోగులను పరిశోధనలో పాల్గొనేవాళ్ళుగా పెట్టుకోవద్దు. ఐఆర్‌ఏఎస్ (పరిశోధన అనుమతుల ఆన్‌లైన్ వ్యవస్థ) దరఖాస్తు, ఎథిక్స్ కమిటీ, సవరణలు కలిపి పార్ట్‌టైమ్ మనిషి ఏడాదిని మింగేస్తాయి. థెరపిస్టులనో సాధారణ జనాన్నో తీసుకుంటే యూనివర్సిటీ కమిటీతో అయిపోతుంది. ఎనిమిది ఇంటర్వ్యూలు, ఒక్కో గంట మాటకు ఎనిమిది గంటల రాత అంటే 64 గంటలు. తెలుగూ ఇంగ్లీషూ కలిసిన మాటలకు ఆటోమేటిక్ సాఫ్ట్‌వేర్ చేతులెత్తేస్తుంది కాబట్టి, అనువాదంతో కలిపి రెట్టింపు, అంటే నాలుగు నెలల శనివారాలు. పేరు మార్చినంత మాత్రాన గోప్యత రాదు. ముప్పై తెలుగు కుటుంబాలున్న ఊళ్ళో ‘నెల్లూరు నుంచి వచ్చిన పళ్ళ డాక్టరు, ఇద్దరు ఆడపిల్లలు’ అని రాస్తే అందరికీ ఎవరో తెలిసిపోతుంది. థీసిస్ ఆన్‌లైన్‌లో పెడతారు కూడా. ఊరు, వృత్తి, పిల్లల సంఖ్యలో కనీసం రెండు మార్చాలి.

క్లయింట్ గంటలు రాసుకునే లాగ్‌బుక్ మీద సూపర్‌వైజర్ సంతకం నెలనెలా తీసుకోవాలి. చివర్లో అన్నీ కలిపి చేయిద్దామనుకుంటే, మూడేళ్ళ కిందటి సూపర్‌వైజర్ ఉద్యోగం మారి ఉంటారు, ఆ సేవే మూతపడి ఉండొచ్చు. సంతకం లేని గంటలన్నీ మళ్ళీ మొదటి నుంచే.