లూస్ దారా, సిమ్స్ దారా: మొండి సంస్థను మార్చడానికి ఏది మేలు?

అమెరికా నేవీలో చదువు కోసం, సంస్కరణ కోసం పట్టుబట్టిన ఆఫీసర్లలో ఇద్దరు నాకు ముందు గుర్తొస్తారు. స్టీఫెన్ బి. లూస్ ఓపిగ్గా చెప్పిందే చెప్పి ఒప్పించే రకం. విలియం సిమ్స్ పైవాళ్లందర్నీ దాటి ఏకంగా ప్రెసిడెంట్‌కే ఉత్తరం రాసే రకం.

ముందు సిమ్స్ కథ. చెప్పుకోవడానికి అదే రుచిగా ఉంటుంది. 1899లో అయిదు అమెరికన్ ఓడలు 1,600 గజాల దూరంలో ఉన్న పాత ఓడ మీద ఒక్కొక్కటి అయిదు నిమిషాల చొప్పున ఫిరంగులు పేల్చాయి. తగిలినవి రెండే, అవీ తెరచాపలకు. అప్పటి పద్ధతి ఏమిటంటే, ఓడ ఊగుతూ ఉంటే గురి కుదిరే క్షణం కోసం గన్నర్ కాచుకుని కూర్చోవాలి. బ్రిటిష్ కెప్టెన్ పెర్సీ స్కాట్ మాత్రం ఓడ ఎంత ఊగినా ఫిరంగి గురి మీదే నిలిచేలా గేర్లు మార్చాడు. చైనా తీరంలో పనిచేస్తూ ఇది చూసిన సిమ్స్ వాషింగ్టన్‌కు రిపోర్టు మీద రిపోర్టు పంపాడు. అక్కడివాళ్లు ఫిరంగిని నేల మీద పెట్టి పరీక్షించి, కుదరదు పొమ్మన్నారు. ఓడ ఊపు గన్నర్‌కు సాయపడుతుంది, ఊగని నేల మీద ఆ సాయం ఎక్కడిది? ఇంత తెలివైన పరీక్ష నేనింకెక్కడా చూడలేదు!

1901లో సిమ్స్ ప్రెసిడెంట్ థియొడర్ రూజ్వెల్ట్‌కు రాశాడు. ఉద్యోగం ఊడే పనే. కానీ మరుసటి ఏడాదే ఫిరంగి సాధన మీద ఇన్‌స్పెక్టర్ అయ్యాడు. 1899 పరీక్ష జరిగిన ఆరేళ్లకు, అదే దూరం నుంచి ఒక్క గన్నర్ ఒక్క నిమిషంలో 15 సార్లు కొట్టాడు.

లూస్ కథలో ఇలాంటి మెరుపులు లేవు. 1841లో పద్నాలుగేళ్లకే నేవీలో చేరాడు. ఓడ నడపడం మీద పాఠ్యపుస్తకం రాశాడు, కుర్ర నావికులకు శిక్షణ ఓడలు కావాలని పోరాడాడు. అసలు మలుపు 1865లో వచ్చింది. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది రేవు చార్ల్‌స్టన్ నగరం ముందు నేవీ ఏళ్ల తరబడి తల బద్దలుకొట్టుకుంది, లూస్ కూడా అక్కడ పోరాడినవాడే. ఉత్తరాది సైన్యపు జనరల్ షెర్మన్ ఆ నగరం జోలికే వెళ్లకుండా వెనక నుంచి దారులు తెంచుతానన్నాడు, నగరం దానంతటదే పడిపోయింది. యుద్ధానికీ సూత్రాలుంటాయని, వాటిని చదువుకోవచ్చని లూస్‌కు అప్పుడు తట్టింది.

ఆ ఆలోచన కాలేజీ కావడానికి పందొమ్మిదేళ్లు పట్టింది. సముద్రం మీద బతికేవాడికి తరగతి గది ఎందుకన్నది అవతలివాళ్ల వాదన. 1884లో నేవల్ వార్ కాలేజీ పుట్టింది, న్యూపోర్ట్‌లో ఒకప్పుడు అనాథ పేదలను ఉంచిన భవనంలో. తర్వాత వచ్చిన నేవీ సెక్రటరీకి అది గిట్టలేదు, 1889లో టార్పెడో స్టేషన్‌లో కలిపేశారు. అయినా బతికింది. లూస్ పిలిపించిన నేవీ ఆఫీసర్ మాహన్ అక్కడ చెప్పిన పాఠాలే 1890లో పుస్తకమై దేశదేశాల నౌకాదళాలు చదివాయి.

మరి ఏది మేలు? సిమ్స్ చేతిలో లెక్క ఉంది. ఎన్ని పేల్చారు, ఎన్ని తగిలాయి, ఇంతే. అలాంటి లెక్క మీ దగ్గరుండి, పైన వినే మనిషి ఒక్కడున్నా సిమ్స్ దారి పట్టండి. అది లేకుండా పైకి ఉత్తరాలు రాస్తే చాడీలు చెప్పినట్టే ఉంటుంది. ఆఫీసర్‌కు ఆలోచించడం నేర్పితే ఎన్ని గుండ్లు ఎక్కువ తగులుతాయో లూస్ ఏ ప్రెసిడెంట్‌కు చూపించగలడు? ఆయనకు ఓపిక తప్ప వేరే దారి లేదు. సిమ్స్ దారికి ఇంకో చిక్కు కూడా ఉంది. రూజ్వెల్ట్ దిగిపోయాక, 1910లో సిమ్స్ లండన్‌లో చేసిన ఒక ప్రసంగానికి ప్రెసిడెంట్ టాఫ్ట్ ఆయన్ను మందలించాడు. అండ ఉన్నన్నాళ్లే ఆ ధైర్యం చెల్లుతుంది.

అందుకే ఒకటే ఎంచుకోమంటే నేను లూస్ వైపే. సిమ్స్ నేర్పిన గురి పద్ధతి కొత్త యంత్రాలు రాగానే పాతబడింది. కాలేజీ న్యూపోర్ట్‌లో ఇప్పటికీ నడుస్తోంది. సిమ్స్ కూడా మొదటి ప్రపంచయుద్ధంలో యూరప్‌లో అమెరికా నౌకాదళాన్ని నడిపి అడ్మిరల్‌గా తిరిగొచ్చాక, 1919లో హోదా ఒక మెట్టు కాదు, రెండు మెట్లు తగ్గినా సరేనని వెళ్లి కూర్చున్నది లూస్ పెట్టిన ఆ కాలేజీ అధ్యక్షుడి కుర్చీలోనే.