ఆస్ట్రేలియా పార్లమెంటు ఉచిత రికార్డుల సేవ: నోవా పెరిస్‌ను తెలుసుకోవడానికి ఎంతవరకు పనికొస్తుంది?

ఒలింపిక్ పతకం గెలిచిన క్రీడాకారులు చట్టసభలో అడుగుపెట్టిన రోజున పత్రికలు వారి ఫొటోను మొదటి పేజీలో వేస్తాయి. ఆ తర్వాత సభలో వారు ఏం మాట్లాడారో, ఎవరి తరఫున నిలబడ్డారో తెలుసుకోవాలంటే మాత్రం సామాన్య పాఠకుడికి దారి దొరకడం కష్టం. ఈ లోటును తీర్చగల సేవల్లో ఆస్ట్రేలియా పార్లమెంటు తన వెబ్‌సైట్‌లో నడుపుతున్న ‘పార్ల్‌ఇన్ఫో’ ఒకటి. హాకీలోనూ పరుగులోనూ తన దేశానికి ఆడి, ఆపైన సెనేటర్ (పార్లమెంటు ఎగువ సభ సభ్యురాలు) అయిన నోవా పెరిస్ జీవితాన్ని అధ్యయనం చేయడానికి నేను దీన్ని ఉపయోగించాను. ఆ అనుభవం ఆధారంగానే ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందుగా సేవ సంగతి. దీనికి రుసుము లేదు, పేరు నమోదు చేసుకోవలసిన అవసరమూ లేదు. 1901లో ఆస్ట్రేలియా సమాఖ్య పార్లమెంటు ఏర్పడినప్పటి నుంచి ఉభయ సభల చర్చలు ఇందులో ఉన్నాయి. హాన్సార్డ్ అని పిలిచే ఈ ప్రతులు వక్తల మాటలను దాదాపు యథాతథంగా నమోదు చేస్తాయి. మొదట ముసాయిదా ప్రతి వెలువడుతుంది, సరిచూసిన తర్వాత అధికారిక ప్రతి దాని స్థానంలోకి వస్తుంది. సభలో జరిగిన చర్చలతో పాటు కమిటీల ఎదుట అధికారులు ఇచ్చిన సమాధానాలు కూడా దొరుకుతాయి. సభ్యుల పదవీకాలం, వారు పనిచేసిన కమిటీలు వంటి వివరాలను పార్లమెంటరీ హ్యాండ్‌బుక్ అందిస్తుంది.

నోవా పెరిస్ 1971 ఫిబ్రవరి 25న డార్విన్‌లో ఆదివాసీ కుటుంబంలో జన్మించారు. హాకీ కోసం యువతిగా ఉన్నప్పుడే అక్కడి నుంచి ఎంతో దూరంలోని పెర్త్‌కు వెళ్లారు. 1996 అట్లాంటా ఒలింపిక్స్ ఫైనల్‌లో దక్షిణ కొరియాను 3-1తో ఓడించిన ఆస్ట్రేలియా మహిళల హాకీ జట్టులో ఆమె సభ్యురాలు. ఒలింపిక్ స్వర్ణం గెలిచిన తొలి ఆస్ట్రేలియా ఆదివాసీగా ఆ విజయంతో ఆమె పేరు చరిత్రకెక్కింది. శిఖరం మీద ఉన్న ఆ దశలోనే ఆమె హాకీ కర్రను పక్కన పెట్టి పరుగు పందేల వైపు మళ్లారు. కొద్ది కాలానికే, 1998 కౌలాలంపూర్ కామన్వెల్త్ క్రీడల్లో 200 మీటర్ల పరుగులోనూ, 4×100 మీటర్ల రిలేలోనూ స్వర్ణాలు గెలిచారు. ఒక క్రీడలో ప్రపంచ స్థాయికి చేరినవారు మరో క్రీడలో మొదటి అక్షరం నుంచి నేర్చుకోవడం ఎంత కష్టమో మైదానంలో చెమటోడ్చిన ఎవరికైనా తెలుసు. 2000 సంవత్సరంలో ఒలింపిక్ జ్యోతి ఆస్ట్రేలియా నేలపైకి వచ్చినప్పుడు, ఉలురు శిల వద్ద దాన్ని తొలిగా అందుకుని పరిగెత్తింది ఆమే. ఆ నేల పట్ల గౌరవంతో చెప్పులు లేకుండా పరిగెత్తారు. ఆ ఏడాది సిడ్నీ క్రీడల్లో ఆమె 400 మీటర్ల సెమీఫైనల్ దాకా వెళ్లారు. మన కరణం మల్లీశ్వరి కాంస్యం గెలిచిన క్రీడలు కూడా అవే.

ఈ క్రీడా జీవితం గురించి పార్ల్‌ఇన్ఫో చెప్పేది చాలా తక్కువ, అలా ఉండడం సహజం కూడా. సభ్యులు పార్లమెంటులో చేసిన పనిని నమోదు చేయడానికే తయారైన హ్యాండ్‌బుక్‌లో మైదానం జీవితానికి పెద్ద చోటు ఉండదు. అయితే రాజకీయ జీవితం మొదలైన క్షణం నుంచి ఈ సేవ తన సత్తా చూపిస్తుంది. పెరిస్ 2013 సెప్టెంబరు 7న జరిగిన ఎన్నికల్లో రాష్ట్ర హోదా లేని నార్తర్న్ టెరిటరీ నుంచి లేబర్ పార్టీ సెనేటర్‌గా గెలిచి, సమాఖ్య పార్లమెంటుకు ఎన్నికైన తొలి ఆదివాసీ మహిళ అయ్యారు. ఆమె పదవీకాలం ఎన్నిక రోజునే మొదలైంది. అదే ఎన్నికల్లో గెలిచిన రాష్ట్రాల సెనేటర్లు మాత్రం 2014 జూలై 1 వరకు ఆగవలసి వచ్చింది. టెరిటరీ సెనేటర్ల కాలం దిగువ సభ అయిన ప్రతినిధుల సభ కాలంతో ముడిపడి ఉండడమే దీనికి కారణం. ఈ తేడా తెలియకుండా వెతికేవారు ఆమె మాటల కోసం తప్పు సంవత్సరంలో గాలిస్తారు కనుక, హ్యాండ్‌బుక్‌లో తేదీలు చూసుకున్న తర్వాతే హాన్సార్డ్‌కు వెళ్లడం మంచిది.

చదవవలసిన మొదటి ప్రసంగం 2013 నవంబరు 13 నాటిది. కొత్త సభ్యుల తొలి ప్రసంగాన్ని సభ ప్రత్యేకంగా గౌరవిస్తుంది, మధ్యలో అడ్డుపడకుండా వింటుంది. ప్రభుత్వ విధానాల వల్ల పిల్లలుగా ఉన్నప్పుడే తల్లిదండ్రులకు దూరమైన ఆదివాసీ తరాలలో పెరిస్ కుటుంబం కూడా ఉంది. ఆ కుటుంబ చరిత్రను ఆమె సభ ముందు పెట్టారు. రాజ్యాంగంలో ఆదివాసులకు గుర్తింపు ఉండాలని కోరారు. పతకాల జాబితా చదివితే కలగని అవగాహన ఈ ప్రసంగం పూర్తిగా చదివితే కలుగుతుంది. ఈ మనిషి ఎందుకు పరిగెత్తింది, ఎందుకు సభకు వచ్చింది అన్న రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కచోటే దొరుకుతుంది. నా దృష్టిలో ఈ సేవ విలువంతా ఇక్కడే ఉంది. మధ్యవర్తి ఎవరూ లేకుండా, విలేకరి కత్తిరించిన రెండు వాక్యాలు కాకుండా, ఆమె మాటలు మొత్తం మన చేతికి వస్తాయి.

అలాగని లోపాలు లేవని కాదు. 2013 జనవరిలో ప్రధాని జూలియా గిలార్డ్ స్వయంగా పెరిస్‌ను ఎంపిక చేసి, అప్పటికే ఆ స్థానంలో ఉన్న సెనేటర్ ట్రిష్ క్రాసిన్‌ను పక్కకు తప్పించారు. స్థానిక పార్టీ సభ్యులకు ఎంచుకునే అవకాశం ఇవ్వకపోవడంపై అప్పట్లో పెద్ద వివాదం రేగింది. ఇలాంటి పార్టీ అంతర్గత నిర్ణయాలు సభ వెలుపల జరుగుతాయి కనుక, హాన్సార్డ్‌నే నమ్ముకున్న పాఠకుడికి కథలో ముఖ్యమైన మలుపు ఒకటి సరిగా కనిపించదు. 2016లో ఆమె మళ్లీ పోటీ చేయకూడదని నిర్ణయించుకోవడం వెనుక ఉన్న చర్చ కూడా అంతే. ప్రముఖ క్రీడాకారులను పార్టీలు ఎలా తెచ్చుకుంటాయో, ఆ పద్ధతిలో మంచిచెడ్డలేమిటో ఆలోచించదలచినవారు పత్రికలను తోడు తెచ్చుకోవాలి. ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం నడిపే ‘ట్రోవ్’లో పాత పత్రికలు ఉచితంగా దొరుకుతాయి గానీ, అందులో కాన్‌బెరా టైమ్స్ వంటి పత్రిక కూడా 1995 వరకే ఉంది. అట్లాంటా విజయం ఆ మరుసటి ఏడాదిది కావడం నిజంగా నిరాశ కలిగించే విషయం.

అదే ట్రోవ్, అదే పార్ల్‌ఇన్ఫో కలిసి మరొకరి విషయంలో అద్భుతంగా ఉపయోగపడతాయి. అట్లాంటాలో పెరిస్ జట్టుకు శిక్షకుడైన రిక్ చార్లెస్‌వర్త్ కూడా రెండు క్రీడల మనిషే, రాజకీయ నాయకుడే. వైద్యవిద్య చదివిన ఆయన పశ్చిమ ఆస్ట్రేలియా తరఫున ఫస్ట్ క్లాస్ క్రికెట్ ఆడారు, దేశం తరఫున హాకీ ఆడారు, 1983 నుంచి 1993 వరకు పెర్త్ నియోజకవర్గానికి లేబర్ సభ్యుడిగా ఉన్నారు. విశేషమేమిటంటే పార్లమెంటు సభ్యుడిగా ఉంటూనే 1984, 1988 ఒలింపిక్స్‌లో ఆడారు, 1986 ప్రపంచ కప్ గెలిచిన జట్టులో ఉన్నారు. మైదానం, సభ ఒకేసారి నడిచిన ఆ పదేళ్లను సభ వైపు నుంచి పార్ల్‌ఇన్ఫోలో, మైదానం వైపు నుంచి ట్రోవ్‌లో పక్కపక్కన పెట్టి చదువుకోవచ్చు. 2010లో ఢిల్లీలో ప్రపంచ కప్ గెలిచిన ఆస్ట్రేలియా పురుషుల జట్టు శిక్షకుడిగా ఆయన మన హాకీ అభిమానులకు పరిచితుడే. ఆయన సభలో ఏం మాట్లాడారో మాత్రం మనలో చదివినవారు బహు తక్కువ.

తొలిసారి వాడేవారికి నేను ఇచ్చే సలహా మరొకటి ఉంది. స్వచ్ఛంద సంస్థ నడిపే ‘ఓపెన్ ఆస్ట్రేలియా’ అనే సైట్ కూడా ఇవే చర్చలను సభ్యుల వారీగా, చదవడానికి తేలికగా అమర్చి పెడుతుంది. అందులో చర్చలు 2006 నుంచే ఉన్నాయి కనుక పెరిస్‌కు అది చాలు, చార్లెస్‌వర్త్‌కు చాలదు. సమాచారమంతా ఇంగ్లీషులోనే ఉండడం తెలుగు మాధ్యమంలో చదివినవారికి ఇబ్బందే. అయినా పెరిస్ తొలి ప్రసంగంలో భాష సరళంగానే ఉంటుంది.

మన దేశంలోనూ ఇలాంటి వనరు లేకపోలేదు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టుకు నాయకుడైన జైపాల్ సింగ్ ముండా 1946 డిసెంబరులో రాజ్యాంగ సభలో ఆదివాసుల తరఫున మాట్లాడిన మాటలు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. క్రీడల చరిత్ర బోధించే ఉపాధ్యాయులు ఆ ప్రసంగాన్నీ, పెరిస్ 2013 ప్రసంగాన్నీ ఒకే పాఠంలో పెడితే విద్యార్థులకు ఎంతో మేలు జరుగుతుంది.

పరిశోధకులకు, క్రీడా విలేకరులకు, ఆస్ట్రేలియాలో స్థిరపడి అక్కడి ఆదివాసుల చరిత్ర తెలుసుకోగోరే తెలుగువారికి ఈ సేవను గట్టిగా సిఫారసు చేస్తున్నాను. మ్యాచ్ వివరాలు, పతకాల కథలు మాత్రమే కావాలనుకునేవారికి ఇది సరైన చోటు కాదు. ఐదుకు నాలుగు మార్కులు ఇస్తాను. తగ్గించిన ఒక్క మార్కు, సభ్యుల పూర్వ జీవితానికి హ్యాండ్‌బుక్ ఇచ్చిన కొద్దిపాటి చోటుకు.