జిప్సం నేలలో పునాదికి బిటుమెన్ పూత: డీజిల్ ట్యాంకు పక్కన మాత్రం వాడొద్దు

అబుదాబి తీరంలోని సబ్ఖా (ఉప్పు పర్రల) నేలల్లో పనిచేసే మన ఫోర్‌మన్లకు బాగా అలవాటైన సరుకే ఇది, డ్రమ్ముల్లో వచ్చే నల్లటి బిటుమెన్ ఎమల్షన్ (నీటిలో కలిపిన తారులాంటి పూత). ఆ నేలలో జిప్సం, అంటే కాల్షియం సల్ఫేటు, దండిగా ఉంటుంది. లీటరు నీటిలో దాదాపు రెండున్నర గ్రాములు కరుగుతుంది. ఆ సల్ఫేటు కాంక్రీటులోకి దిగి, సిమెంటులోని అల్యూమినేట్లతో కలిసి ఉబ్బి పగుళ్లు తెస్తుంది. ఆ సల్ఫేటు నీటిని ఆపడంలో ఈ పూతకు మంచి మార్కులే వేయాలి. సిమెంటు పాలపొర గీకి, దుమ్ము దులిపి, ప్రైమరు కొట్టి, మొదటి కోటు నిలువుగా, ఆరాక రెండోది అడ్డంగా వేయాలి. మట్టి పూడ్చేముందు పూతను కాపాడే ప్రొటెక్షన్ బోర్డు తప్పనిసరి, లేదంటే కంకర గుచ్చుకుని పూత చిరుగుతుంది.

జనరేటర్ రూము, పెట్రోలు బంకు పునాదులకు మాత్రం ఇది పనికిరాదు. డీజిల్ తగిలితే బిటుమెన్ మెత్తబడి కరిగిపోతుంది. బిటుమెన్‌లో ప్లాస్టిక్ (ఏపీపీ) లేదా రబ్బరు (ఎస్‌బీఎస్) కలిపి చేసే షీట్లదీ అదే గతి. నమ్మకం కుదరకపోతే ఆరిన పూతను డీజిల్‌లో తడిపిన తెల్లగుడ్డతో రుద్దండి, గుడ్డ ముదురు గోధుమరంగుకు తిరుగుతుంది. సల్ఫేటుకు అడ్డంగా ఉన్న ఒక్క పొరా లీకైన ఇంధనంతో పోతుందన్నమాట.

నేల సంగతీ చూడాలి. డీజిల్ జిప్సాన్ని కరిగించదు గానీ, రేణువుల మీద జిడ్డుపొరగా పేరుకుని ఒరిపిడి తగ్గిస్తుంది, నేల మోసే బలం పడిపోతుంది. అదే పొర నీటిని కొంతకాలం ఆపుతుంది కాబట్టి ల్యాబులో కొలాప్స్ టెస్టు (తడిస్తే నేల ఎంత కుంగుతుందో చూసే పరీక్ష) ఫలితం అసలుకంటే మెరుగ్గా కనిపించవచ్చు. దాన్ని పట్టుకుని రాఫ్ట్ (పునాది పలక) మందం తగ్గించకండి, డీజిల్ తాగిన మట్టి తవ్వి తీసేయించండి. తేమ కొలతలోనూ ఇదే చిక్కు: 105 డిగ్రీల ఓవెన్‌లో జిప్సం తన స్ఫటికజలాన్ని వదిలేస్తుంది, డీజిల్ కొంత ఆవిరైపోతుంది, రెండూ తేమ ఖాతాలో పడతాయి. 60 డిగ్రీల దగ్గరే ఆరబెట్టి, నూనె శాతం విడిగా కొలవమని ల్యాబుకు రాసివ్వండి. గుంతలో కుళ్లిన గుడ్ల వాసన వస్తే డీజిల్‌ను తిని సల్ఫేటును హైడ్రోజన్ సల్ఫైడుగా మార్చే బ్యాక్టీరియా చేరిందని అనుమానించాలి. గ్యాస్ మీటరు పెట్టి చూడకుండా మనిషిని దించొద్దు.

డీజిల్ ఉన్నచోట మేం చెప్పేది కోల్‌టార్ ఎపాక్సీ (బొగ్గు తారు కలిసిన, గట్టిపడే రెసిన్ పూత), రెండు కోట్లు, ఆరాక మొత్తం 400 మైక్రాన్లు. పెట్రోలు కూడా ఉంటే సాల్వెంట్ లేని ఎపాక్సీ మేలు. కాంక్రీటు గ్రైండ్ చేసి, సూదిబెజ్జాలు ఎపాక్సీ పుట్టీతో మూశాకే మొదలుపెట్టాలి. ఎండలో కలిపిన మిశ్రమం చాలా త్వరగా గట్టిపడుతుంది, అందుకే పూట పూటకు కొంచెమే కలపండి. కోల్‌టార్ చర్మానికి హానికరం, చేతి తొడుగులు లేకుండా ఎవరినీ బ్రష్ పట్టనివ్వకండి.