స్టాంపింగ్‌కి వచ్చి ఇరుక్కుపోతే ఈఓఆర్ ఆదుకుంటుందా?

అమెరికాలో ఉద్యోగానికిచ్చే హెచ్-1బి వీసా ముద్రని పాస్‌పోర్టులో వేయించుకోవడానికి (స్టాంపింగ్) కాన్సులేట్ ఇచ్చే అపాయింట్‌మెంట్లు 2025 డిసెంబర్‌లో నెలల తరబడి వాయిదా పడి, ఇండియాలోనే ఆగిపోయినవాళ్లు చాలామంది. ఇక్కడి నుంచే పని చేస్తామంటే మేనేజర్ సరేనంటాడు, హెచ్ఆర్ కుదరదంటుంది. ఆ చిక్కుకి విరుగుడంటూ కంపెనీలకు అమ్ముతున్న సర్వీసు ‘ఎంప్లాయర్ ఆఫ్ రికార్డ్’, అంటే ఈఓఆర్.

పేరోల్ పని వరకు భేష్. మిమ్మల్ని తన ఇండియా కంపెనీలో చేర్చుకుని రూపాయల్లో జీతం వేస్తుంది, టీడీఎస్ పట్టుకుంటుంది, పీఎఫ్ కడుతుంది. మనిషికి నెలకు కొన్ని వందల డాలర్ల ఫీజు కంపెనీదే. ఇండియాలో కూర్చుని చేసిన పనికి జీతం అమెరికా ఖాతాలో పడినా మామూలుగా ఇక్కడి పన్ను పరిధిలోకే వస్తుంది కాబట్టి, ఆ తలనొప్పి తీరినట్టే.

హెచ్ఆర్ అసలు భయం వేరు: పర్మనెంట్ ఎస్టాబ్లిష్‌మెంట్. కంపెనీకి ఇక్కడ వ్యాపార స్థావరం ఉందని పన్నుశాఖ తేలిస్తే, దానికి చెందే లాభం మీద 35 శాతం పన్ను, పైన సర్‌చార్జి, సెస్సు. భారత్-అమెరికా ఒప్పందం ప్రకారం ఉద్యోగుల సేవలు 12 నెలల్లో 90 రోజులు దాటితే ఆ ముప్పు ఉంది. అదే గ్రూపులోని వేరే కంపెనీకి చేసే సేవలైతే ఆ 90 రోజుల వెసులుబాటూ లేదు. వార్తల ప్రకారం అమెజాన్ అప్పుడు ఇండియాలో చిక్కుకున్నవాళ్లకి 2026 మార్చి 2 దాకా ఇక్కడి నుంచే పని చెయ్యడానికి అనుమతిచ్చింది గానీ కోడింగ్, కాంట్రాక్టు సంతకాలు వద్దంది, ఇక్కడి ఆఫీసుకీ రావద్దంది. కోడ్ రాయని ఇంజనీరు ఏం చేస్తాడో మరి! ఈఓఆర్ జీతమిచ్చే చెయ్యిని మారుస్తుందే తప్ప, పని ఎవరి కోసం జరుగుతోందన్నది మార్చదు. కంపెనీ తరఫున ఒప్పందాలు కుదిర్చే సేల్స్ వాళ్లకైతే దీన్ని సిఫారసు చెయ్యలేం.

వీసా వైపు ఇంకా పెద్ద చిక్కు. అమెరికా ఉద్యోగం ముగించి ఈఓఆర్‌లో చేరిస్తే, కంపెనీ ఆ సంగతి అమెరికా ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్‌కి తెలపాలి. మీ కోసం కంపెనీ పెట్టిన హెచ్-1బి దరఖాస్తు (పిటిషన్) రద్దయితే పాత అప్రూవల్‌తో స్టాంపింగ్ కాదు. దేశం బయట ఉన్నవాళ్లకి కొత్త పిటిషన్ అంటే 2025 సెప్టెంబర్ 21న అమల్లోకి వచ్చిన లక్ష డాలర్ల ఫీజు నిబంధన ఎదురుకావచ్చు. అందుకే ఆలస్యం రెండు మూడు నెలలే అనిపిస్తే జీతం లేని సెలవు అడగండి, ఉద్యోగం కొనసాగుతోందని లెటర్ తీసుకోండి. అమెరికా బయట గడిపిన రోజుల్ని హెచ్-1బి ఆరేళ్ల గడువులో లెక్కపెట్టకుండా తిరిగి రాబట్టుకోవచ్చు. పాస్‌పోర్టు ముద్రలు, అమెరికాలోకి రాకపోకల రికార్డు ఐ-94 భద్రంగా ఉంచండి.

తప్పక ఈఓఆరే అయితే సంతకానికి ముందు రెండు కాగితాలు చదవండి: మీకూ ఈఓఆర్‌కీ మధ్యది, ఈఓఆర్‌కీ కంపెనీకీ మధ్యది. రెండోది చూపించరు, అడగాలి. రాసిన కోడ్ మీద హక్కులు రెండు మెట్లూ దాటి కంపెనీకి చేరేలా లేకపోతే వాళ్ల లీగల్ టీమే ఆపేస్తుంది.